రెండు అద్దాల కెమెరా

ఇంట్లో మా నాయనది ఒక్కటే ఫోటో. తీసినాయన తల వంచి, పొట్టకానించిన డబ్బాలోకి పైనుంచి చూసి నొక్కాడంట. దానికి నిలువుగా రెండు అద్దాలు: పైది చూసేందుకు, కిందది తీసేందుకు. మావాడు ఇప్పుడు అలాంటిదే పాతది కొంటానంటున్నాడు.

ఈ రకానికి పేరు తెచ్చింది జర్మనీ వాళ్ళ రోలీఫ్లెక్స్, 1929లో. మామూలోడికి అందే ధర కాదు. 1933లో వాళ్ళే చవకరకం రోలీకార్డ్ దించారు. తర్వాత జపానోళ్ళ యాషికా అదే పద్ధతిలో ఇంకా తక్కువకి చేసింది. మన స్టూడియోల్లోకీ అది బాగా వచ్చింది. దాని 124జి మోడల్ 1970 నుంచి 1986 దాకా తయారైంది.

రీలుకి 12 ఫోటోలే. కానీ ఫిలిం ముక్క మామూలు 35 ఎం.ఎం. దానికంటే మూడున్నర రెట్లు పెద్దది. నాయన ఫోటోలో తలగుడ్డ పోగులు కూడా కనపడతాయి!

మావాడికి చెప్పాను, రోలీ పేరు కోసం అప్పు చేయొద్దురా, యాషికా చాలు. అద్దాన్ని వెలుతురుకి పెట్టి బూజు ఉందేమో చూడు. షట్టర్ ఒక సెకను మీద పెట్టి నొక్కు, మధ్యలో పట్టేస్తే వదిలెయ్. 124జిలో వెలుగు కొలిచే మీటర్ ఆడకపోయినా ఫర్వాలేదు, దాని పాదరసం బ్యాటరీ ఇప్పుడు తయారవ్వట్లేదు. ఫోన్‌తో కొలుచుకోవచ్చు.

ఎవరింటి అటక మీదైనా ఉంటే పాతసామాన్లోడికి తూకానికి వేయకండి. ముందు నాకో మాట చెప్పండి.