యెమన్ కాఫీ కొండలు: చిన్న తోటల పెద్ద చరిత్ర

క్రీ.శ. 1763 వసంత ఋతువులో డెన్మార్కు రాజు ఐదవ ఫ్రెడరిక్ పంపిన పరిశోధక బృందం యెమన్‌లో సంచరిస్తూ ఉండింది. తిహామా మైదానంలోని బైతుల్ ఫఖీహ్ పట్టణం ఆనాడు కాఫీ వర్తకానికి గొప్ప కేంద్రం. బృందంలోని కార్స్టెన్ నీబుర్, వృక్ష శాస్త్రజ్ఞుడు ఫోర్స్కోల్ అక్కడి నుండి తూర్పు కొండలకు వెళ్ళి కాఫీ తోటలను కన్నులారా చూశారు. చెట్లు పూతమీద ఉన్నాయి. కొండవాలంతా మెట్లు మెట్లుగా చెక్కి, ఒక్కొక్క మెట్టుకు రాతి కట్టు కట్టి, మట్టి నిలిపి అందులో చెట్లు పెంచారు. కొన్ని తోటలకు వాన నీరే ఆధారం. మరికొన్నిటికి పైన చెరువులు కట్టి నీరు దించేవారు. ఆ ఏడాది జులైలోనే ఫోర్స్కోల్ యెమన్‌లో మరణించాడు. బృందమంతటిలో స్వదేశం చేరినవాడు నీబుర్ ఒక్కడే. ఆ కొండల వర్ణన అతని గ్రంథం ద్వారా లోకానికి అందింది.

ఈ తోటలు జమీందారీ తోటలు కావు. ఒక కుటుంబానికి కొద్దిపాటి మెట్లు, వాటిలో కొన్ని పదుల చెట్లు, మహా అయితే కొన్ని వందలు. నేటికీ సన్‌ఆ నుండి హుదైదా పోయే దారిలోని హరాజ్ కొండలలో ఈ పద్ధతే ఉంది. పళ్ళు అన్నీ ఒకేసారి పండవు. కనుక ఎర్రబడిన వాటిని మాత్రమే చేతితో ఏరుతారు. ఆ చెట్టు దగ్గరకే మళ్ళీ మళ్ళీ వస్తారు. కోసిన పళ్ళను గుజ్జు తీయకుండానే ఇంటి మిద్దెమీద ఎండబెడతారు. ఎండిన పిదప తిరుగలిలో వేసి పొట్టు వేరు చేస్తారు. గింజ బజారుకు పోతుంది. పొట్టును మరిగించి, అల్లం చేర్చి చేసే పానీయం పేరు ‘ఖిష్ర్’. ఇది పేదవాని పానీయమని భావించటం పొరపాటు. యెమన్ ధనికులు కూడా దానినే ఇష్టపడి తాగేవారు.

కాఫీ చెట్టు పుట్టిల్లు హబషా, అనగా ఇథియోపియా అడవులు. కాని దానిని పానీయంగా ప్రపంచానికి పరిచయం చేసిన ఘనత పదిహేనవ శతాబ్దపు యెమన్ సూఫీలది. రాత్రివేళ జిక్ర్‌లో, ఆరాధనలో నిద్ర ముంచుకు రాకుండా వారు దీనిని సేవించేవారు. ఏడెన్ నగరానికి చెందిన ముహమ్మద్ అజ్జబ్హానీ, మొఖా నివాసి అలీ ఇబ్న్ ఉమర్ అష్షాజిలీ ఈ ఆచారానికి మూలపురుషులని వేర్వేరు కథనాలున్నాయి.

యెమన్ నుండి మక్కాకు చేరిన కాఫీ అక్కడ పెద్ద వివాదానికి కారణమయింది. క్రీ.శ. 1511లో మమ్లూక్ సుల్తాన్ తరఫున ముహ్‌తసిబ్‌గా ఉన్న ఖాయిర్ బేగ్, మస్జిదుల్ హరామ్ సమీపంలో రాత్రివేళ కొందరు గుమిగూడి కాఫీ తాగటం చూశాడు. ఉలమాను సమావేశపరచి, వైద్యుల సాక్ష్యం తీసుకొని, కాఫీని నిషేధించాడు. వీధులలో కాఫీ నిల్వలు తగులబెట్టారు. కాని ఖాహిరా నుండి సుల్తాన్ ఖాన్‌సూహ్ అల్ గౌరీ పంపిన ఫర్మానా అంత దూరం పోలేదు. అది ఆక్షేపణీయమైన గుంపులను వారించిందే గాని కాఫీని హరామ్ అనలేదు. వస్తువులు మూలతః ధర్మసమ్మతమే, నిషేధించాలంటే ఆధారం చూపాలి అన్నది ఫుఖహాలో ప్రసిద్ధమైన సూత్రం. మత్తు కలిగించటం వేరు, మెలకువ కలిగించటం వేరు. దాదాపు అర్ధ శతాబ్దం తరువాత అబ్దుల్ ఖాదిర్ అల్ జజీరీ కాఫీ హలాల్ అని నిరూపిస్తూ ఒక గ్రంథమే రచించాడు. ఈ వివాదాన్ని గురించి నేడు తెలిసినదంతా చాలావరకు ఆ గ్రంథం చలవే.

వివాదం సద్దుమణిగే నాటికి కాఫీ ఇస్తంబూల్ చేరింది. పదిహేడవ శతాబ్దంలో ఐరోపా వర్తకుల ఓడలు మొఖా రేవుకు వరుస కట్టాయి. ‘మోకా’ అనే మాట ఆ రేవు పేరే. కాని అదృష్టం నిలువలేదు. పదిహేడవ శతాబ్దం చివర డచ్చివారు మలబారు మీదుగా కాఫీ మొక్కలను జావాకు తరలించారు. 1711లో జావా కాఫీ ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మకానికి వచ్చింది. ఫ్రెంచివారు 1715లో మొఖా మొక్కలను బూర్బన్ ద్వీపానికి చేర్చారు. అక్కడ బానిసల చేత, జావాలో నిర్బంధంగా రైతుల చేత పండించిన చౌక సరుకు ముందు యెమన్ కుటుంబాల చేతి కష్టం నిలువలేకపోయింది. 1839లో ఆంగ్లేయులు ఏడెన్‌ను ఆక్రమించాక మొఖా రేవు క్షీణించింది.

ఇరవయ్యవ శతాబ్దంలో మరొక పోటీ వచ్చింది. అది బయటివారిది కాదు, పొరుగు మెట్టులోనిదే. ఖాత్ ఆకును ఏడాదిలో పలుమార్లు కోయవచ్చు, కోసిననాడే నగదు చేతికి వస్తుంది. కాఫీకైతే ఏడాదంతా కాచుకోవాలి. అప్పుల్లో ఉన్న రైతు దేనిని ఎన్నుకుంటాడో చెప్పనక్కరలేదు. అయినప్పటికీ హరాజ్‌లో కొన్ని గ్రామాలవారు ఖాత్ చెట్లను పెరికి మళ్ళీ కాఫీ నాటారు. 2014లో మొదలైన యుద్ధం రహదారులను, రేవులను దెబ్బతీసినా వారు చెట్లను విడువలేదు.

ఈ చరిత్రకు దక్షిణ భారతంతోనూ బంధం ఉంది. హజ్ యాత్ర నుండి తిరిగి వస్తూ బాబా బుడన్ అనే సూఫీ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటాడని జనశ్రుతి. గింజల సంఖ్యకు చారిత్రక ఆధారం లేకున్నా ఆ కొండలు నేటికీ ఆయన పేరుతోనే ఉన్నాయి. 2019లో బాబాబుడన్‌గిరి కాఫీకి, విశాఖ మన్యంలోని అరకు కాఫీకి కూడా భౌగోళిక గుర్తింపు లభించింది. అరకులో సాగు చేసేవారు గిరిజన కుటుంబాలు. వారివీ చిన్న కమతాలే, చేతితో ఏరిన పళ్ళే.

ఆనాటి ఉలమా కాఫీ హలాలా హరామా అని లోతుగా చర్చించారు. గిన్నెలోనిది హలాల్ అని తేలింది. అయితే ఆ గిన్నె వెనుక ఉన్న కష్టజీవికి న్యాయమైన ధర దక్కుతున్నదా అన్న ప్రశ్న మాత్రం ఐదు వందల ఏళ్ళుగా జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంది. కూలివాని చెమట ఆరకముందే అతని కూలి చెల్లించమన్న ధర్మానికి అది చిన్న ప్రశ్న కాదు.