పెనుకొండ కారు: జీపు రూపం, చిన్నకారు దేహం

ఉప్పల్ కూడలి నుండి బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి మీదుగా పోచారం వైపు సాగే వరంగల్ రహదారి పక్కన ఒక గంటసేపు నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలిసిపోతుంది. వెనుక పొడుగాటి డిక్కీతో, నేలను అంటుకొని పోయే సెడాన్ కార్లు తగ్గినవి. ఎత్తైన ముక్కు, పెద్ద చక్రాలు, నేలకు దాదాపు జానెడు ఎత్తున అడుగుభాగం గల బండ్లు వాటి చోటు ఆక్రమించినవి. వీటిని కంపాక్ట్ ఎస్.యు.వి.లు అంటారు. ఇటువంటి బండ్లలో పేరు పొందిన కియా సెల్టోస్ తెలుగు నేల మీదనే, పెనుకొండ సమీపాన, తయారవుతున్నది. చూపుకు అది జీపు వంశం. దాని లోపలి కథ వేరు.

జీపు 1941 నాటిది. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్ సంస్థ దానిని పెద్ద ఎత్తున తయారుచేసినది. 1940ల చివరనే మహీంద్రా సంస్థ మన దేశంలో జీపులు బిగించడం ప్రారంభించినది. జీపు నిర్మాణం ఎడ్లబండిని ఎరిగినవారికి కొత్త కాదు. రెండు పొడవైన ఉక్కు దూలాలు, వాటిని కలిపే అడ్డకమ్ములు, మొత్తం నిచ్చెన వంటి చట్రం. ఇంజను, చక్రాలు ఈ చట్రానికి బిగిస్తారు. మనుషులు కూర్చునే తొట్టి దానిపై వేరుగా కూర్చుంటుంది. గుంతలు, రాళ్లు, బురద అన్నిటి దెబ్బను చట్రమే భరిస్తుంది. దృఢమైనదే గాని బరువైనది.

చిన్నకార్లు వేరు దారి పట్టినవి. వాటిలో విడి చట్రం ఉండదు. నేల, స్తంభాలు, పైకప్పు అన్నీ అచ్చులలో ఒత్తిన ఉక్కు రేకులే. వాటిని వెల్డింగు చేసి ఒకే పెట్టెగా మలుస్తారు. దీనికి మోనోకాక్ నిర్మాణమని పేరు. విద్యార్థులు ఒక అగ్గిపెట్టెతో ఈ సూత్రం పరీక్షించవచ్చు. లోపలి అర తీసివేస్తే పైతొడుగు వేళ్ల మధ్య ఇట్టే నలుగుతుంది. అర లోపల పెడితే గట్టిగా నిలుస్తుంది. రేకు పలుచనిదే అయినా ఆకారం దానికి బలం ఇస్తున్నది.

ఎత్తైన బండికి ఈ పలుచని పెట్టెను వాడితే ఎట్లా ఉంటుందన్న ప్రశ్నకు 1994లో జపానులో టొయోటా సంస్థ ఆర్‌.ఎ.వి.4 అనే బండితో జవాబు చెప్పినది. కియా చరిత్రలోనూ ఈ మలుపు కనిపిస్తుంది. 1944లో సైకిలు భాగాలు చేసే కర్మాగారంగా కొరియాలో పుట్టిన ఈ సంస్థ 1993లో స్పోర్టేజ్ అనే తొలి ఎస్.యు.వి.ని నిచ్చెన చట్రంపై నిర్మించినది. సంస్థ ఆర్థికంగా కుప్పకూలగా 1998లో హ్యుందాయ్ దానిని చేజిక్కించుకొన్నది. 2004లో వచ్చిన రెండవ తరం స్పోర్టేజ్ పూర్తిగా మోనోకాక్. పేరు పాతదే, ఎముకలు కొత్తవి.

మన దేశంలో ఈ బండ్ల పరిమాణాన్ని ఇంజనీర్లతోపాటు పన్ను అధికారులు కూడా నిర్ణయించినారని చెప్పవలసి ఉంటుంది. 2006 బడ్జెటులో 4 మీటర్ల పొడవు మించని, చిన్న ఇంజను గల కార్లకు ఎక్సైజు సుంకం 24 నుండి 16 శాతానికి తగ్గించినారు. అంతటితో డిక్కీలు కురచనై, కార్లు 3,995 మిల్లీమీటర్ల దగ్గర వచ్చి ఆగసాగినవి. 5 మిల్లీమీటర్లు మాత్రం భయానికి వదిలిపెట్టినట్లున్నది! ఈ గీత దాటి, ఎక్కువ పన్ను కట్టి అయినా కొనేవారు ఉంటారని 2012లో రెనో డస్టర్, 2015లో హ్యుందాయ్ క్రెటా రుజువు చేసినవి. సెల్టోస్ నడిచినది వాటి అడుగుజాడలోనే.

2017 ఏప్రిల్‌లో కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొన్నది. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద సుమారు 536 ఎకరాలలో, ఏటా 3 లక్షల బండ్లు చేయగల కర్మాగారం లేచినది. అప్పుడు అది అనంతపురం జిల్లా. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా. తాళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు తలదాచుకొన్న ఆ కొండకోట ప్రాంతం నేడు వేరుశనగకు, వానలేమికి పేరుపడినది. కార్ల పరిశ్రమకు, ముఖ్యంగా రంగులు వేసే విభాగానికి, నీరు తప్పదు. హంద్రీ–నీవా పథకం ద్వారా ఎత్తిపోసిన కృష్ణాజలాలు గొల్లపల్లి జలాశయానికి చేరి ఉండకపోతే ఈ కర్మాగారం అక్కడికి వచ్చేది కాదు. హైదరాబాదు–బెంగుళూరు రహదారి చెంతనే ఉండడం, విడిభాగాల పరిశ్రమలు గల మద్రాసు ప్రాంతం మరీ దూరం కాకపోవడం తక్కిన కారణాలు.

2019 ఆగస్టు 22న సెల్టోస్ విక్రయానికి వచ్చినది. పొడవు 4,315 మిల్లీమీటర్లు. 1.5 లీటర్ల పెట్రోలు, డీజిలు ఇంజన్లు, 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను అందులో లభించినవి. 2020 ఏప్రిల్ నుండి అమలు కావలసిన బి.ఎస్.–6 కాలుష్య ప్రమాణాలకు అవి ముందుగానే సిద్ధమైనవి. అయితే మన దేశంలో అమ్మిన సెల్టోస్‌లో ఇంజను తిప్పేది ముందు చక్రాలను మాత్రమే. జీపుకు ప్రాణమైన నాలుగు చక్రాల చోదన ఇందులో లేదు. కొండలెక్కే రూపమే కాని, కొండలెక్కే యంత్రాంగం కాదు.

రూపానికీ నిర్మాణానికీ గల ఈ తేడా 2020 నవంబరులో మరొక విధంగా బయటపడినది. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ రెండు ఎయిర్‌బ్యాగులు గల సెల్టోస్‌ను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు ఢీకొట్టించినది. పెద్దవారి రక్షణకు 5లో 3 నక్షత్రాలు, పిల్లల రక్షణకు 2 మాత్రమే లభించినవి. అంతకన్న ముఖ్యంగా, దాని దేహనిర్మాణం నిలకడలేనిదని నివేదిక తేల్చినది.

ఆ దెబ్బ ఎంతటిదో లెక్క వేయవచ్చు. గంటకు 64 కిలోమీటర్లంటే సెకనుకు 17.8 మీటర్లు. బండి బరువు 1,300 కిలోగ్రాములనుకొంటే గతిజశక్తి సుమారు 2,05,000 జౌళ్లు. 16 మీటర్ల ఎత్తు నుండి, అంటే ఐదంతస్తుల మేడ మీది నుండి, పడిన బండికి కూడా నేలను తాకే క్షణాన ఇంతే శక్తి ఉంటుంది. బండి ముందుభాగం 60 సెంటీమీటర్లు నలిగి ఆగినదనుకొందాం. అప్పుడు లోపలివారి వేగం తగ్గే రేటు గురుత్వ త్వరణానికి సగటున 27 రెట్లు. 30 సెంటీమీటర్లలోనే ఆగితే 54 రెట్లు. కనుక ముక్కు నలగాలి, కాని మనుషులు కూర్చున్న గది నలగరాదు. ఎత్తైన ముక్కు చూచి బండి దృఢమని నమ్మేవారు గమనించవలసినది ఇదే: రక్షణ కంటికి కనిపించని ఉక్కులో, వెల్డింగులో ఉన్నది.

2022లో కియా అన్ని రకాల సెల్టోస్‌లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు అమర్చినది. మంచి పనే, కాని ఎయిర్‌బ్యాగు గదిని బలపరచదు. 2023 జులైలో మార్పులతో వచ్చిన నమూనాలో రాడారు, కెమెరాలతో ముందున్న బండిని కనిపెట్టి తానే బ్రేకు వేసే ఏర్పాటు ఖరీదైన రకాలలో చేరినది. అదే ఏడు అక్టోబరు 1న ప్రభుత్వం భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలను ప్రారంభించినది. నాటివరకు ధర, మైలేజి మాత్రమే అడిగిన కొనుగోలుదారులలో నక్షత్రాలు ఎన్ని అని అడిగేవారు పెరిగినారు. ఈ మార్పులో సెల్టోస్‌తోపాటు ఆ పరీక్షలలో తక్కువ మార్కులు పొందిన అనేక కార్లకు పాత్ర ఉన్నది.

2026 జనవరిలో రెండవ తరం సెల్టోస్ వచ్చినది. పొడవు 4,460 మిల్లీమీటర్లు, అంటే మొదటిదానికన్న 145 ఎక్కువ. ముందు, వెనుక చక్రాల నడిమి దూరం 2,610 నుండి 2,690కి పెరిగినది. కంపాక్ట్ అనే మాట మాత్రం దానిని వదలలేదు. 1941 నాటి జీపు పొడవు 3.3 మీటర్లు.