చెక్‌రోల్ నుంచి రెండు డిస్కుల పెట్టె దాకా

మలయా రబ్బరు తోటల్లో మన తెలుగు కూలీల హాజరు చెక్‌రోల్ అనే పుస్తకంలో రాసేవారు. అందులో హాజరు పడితేనే ఆ రోజు కూలి. పుస్తకం తడిసినా, చెద తిన్నా కూలోడికి రుజువు కష్టమే.

1956లో ఐబీఎం మొదటి హార్డ్‌డిస్క్ తెచ్చింది. సుమారు టన్ను బరువు. పట్టేది 50 లక్షల అక్షరాలే. 1987లో బర్క్‌లీ పరిశోధకులు, డిస్కులు కలిపి వాడే పద్ధతికి రెయిడ్ అని పేరు పెట్టారు.

ఇప్పుడు చిన్న కాంట్రాక్టరు ఆఫీసుకి రెండు డిస్కుల నాస్ పెట్టె సరిపోతుంది. రెండింట్లోనూ ఒకటే రాసేలా పెడితే, ఒకటి పోయినా లెక్క ఉంటుంది. కానీ వరదొస్తే రెండూ పోతాయి. అందుకే ఇంకో కాపీ బయట ఉండాలి. సూపర్‌వైజర్‌గా నేను చూసేది ఒక్కటే: క్లర్కు సెలవులో ఉన్నా ఇంకొకరు లెక్క తీయగలగాలి.

మీరు మాత్రం మీ ఓటీ షీటు ఫోటో తీసి ఇంటికి పంపండి. అదే మీ రెండో డిస్కు.