ఖెచ్వ: ఒక ఎత్తు పేరు

ఆండీస్ కొండల్లో లక్షలాది మంది మాట్లాడే భాషను లోకం కెచువా అంటుంది. మాట్లాడేవాళ్లు మాత్రం దాన్ని రునసిమి అంటారు. రున అంటే మనిషి. సిమి అంటే నోరు, మాట కూడా. మరి కెచువా ఎక్కడిది? అది మొదట భాష పేరు కాదు, నేల పేరు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఒక ఎత్తు పేరు. దిగువ లోయల ఎండకీ పైకొండల మంచుకీ నడుమ మొక్కజొన్న హాయిగా పండే సమశీతల భూమిని అక్కడి రైతులు ఖెచ్వ అన్నారు.

భాష పేరుగా ఆ మాట అచ్చెక్కింది 1560లో. దొమింగో దె సాంతో తొమాస్ అనే దొమినికన్ సన్యాసి ఈ భాషకు తొలి వ్యాకరణాన్నీ నిఘంటువునూ స్పెయిన్‌లో ముద్రించిన ఏడాది అది. 1608లో లీమాలో గొన్సాలెస్ ఒల్గీన్ వేసిన నిఘంటువు పేరులోనూ కెచువా భాషే. కానీ లోపల, ఆ పదం దగ్గర, పాత అర్థం చెక్కుచెదరకుండా ఉంది: సమశీతల భూమి. ఆ నేల మనిషి ఖెచ్వరున. ఆ నేలవాళ్ల మాటే క్రమంగా భాషకు పేరైందని నమ్మడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు కనబడదు.

ఇంకో వ్యుత్పత్తి కూడా ప్రచారంలో ఉంది. పేనిన గడ్డితాడును అక్కడ కెస్వ అంటారు. ఏటా జూన్‌లో ఊళ్లన్నీ కలిసి కొత్తగా అల్లే కెస్వచాక వంతెన పేరులో ఉన్నది ఆ మాటే. భాష పేరూ దాన్నుంచే వచ్చిందని కొందరన్నారు. కుస్కో ప్రాంతపు నోళ్లలో ఖెచ్వ కాస్తా ఖెస్వ అయింది కాబట్టి పొరపాటు సహజమే. కానీ భాష పేరు ఊపిరి విడుస్తూ పలికేది, తాడు పేరు గొంతు బిగించి పలికేది. అల్పప్రాణ మహాప్రాణాలు నేర్చిన మనకు ఆ తేడాను తోసిపుచ్చకూడదని వేరే చెప్పనక్కర్లేదు. అందమైన వ్యుత్పత్తులన్నీ నిజం కావు.

1941లో భూగోళవేత్త హవియెర్ పుల్గార్ విదాల్ పెరూ నేలను ఎనిమిది మండలాలుగా విభజించి, వాటికి జనం నోట ఉన్న పేర్లే పెట్టాడు. 2,300 నుంచి 3,500 మీటర్ల దాకా కెచువా, ఆపైన 4,000 దాకా సూని, ఇంకా పైన పూన, అన్నిటికంటే మీద మంచుశిఖరాల హన్క. పండితుడు రైతు మాటను తీసుకుని శాస్త్రంలో కూర్చోబెట్టడం గొప్ప పని. మన రైతు నీటిని బట్టి నేలను మాగాణి, మెట్ట అన్నట్టు అక్కడి రైతు ఎత్తును బట్టి అంటాడు.

కుస్కో ప్రాంతంలోని పిసాక్ జిల్లాలో ఈ మాటలన్నీ ఒకే కొండవాలు మీద దొరుకుతాయి. ఊరు ఉన్నది దాదాపు 2,970 మీటర్ల ఎత్తున, విల్కనోత నది ఒడ్డున. ఆ చుట్టుపక్కల మొక్కజొన్న. అక్కడి నుంచి ఎక్కేకొద్దీ మొక్కజొన్న తప్పుకుని బంగాళాదుంప వస్తుంది. మనం బెంగాల్‌కు కట్టబెట్టిన ఈ దుంప పుట్టిల్లు ఆండీస్. అక్కడ దాని పేరు పాపా. దానితోపాటు ఓకా, ఉల్యుకు, మాష్వ అనే దుంపలూ వేస్తారు. చకితక్ల్య అనే కాలినాగలితో ఇద్దరు గడ్డను పెకలిస్తే మూడో మనిషి, తరచూ స్త్రీ, దాన్ని తిరగేస్తుంది. ఒకరి చేలో ఇంకొకరు బదులుకు బదులు చేసే ఈ పనే ఐని. పండిన నేలను తర్వాత కొన్నేళ్లు బీడు పెడతారు. ఆపైన, పూనలో, ఇచు గడ్డి మేసే ల్యామాలు, అల్పాకాలు. మంచును తట్టుకునే చేదు దుంపల్ని రాత్రి చలికి గడ్డకట్టించి, పగలు తొక్కి నీరు తీసి, ఎండబెట్టి చూన్యో చేస్తారు. అది ఏళ్ల తరబడి నిలవుంటుంది.

ఆ ఎగువ ఊళ్లు కొన్ని కలిసి పార్కె దె లా పాపా అనే ఉమ్మడి దుంపవనాన్ని నడుపుతున్నాయి. వెయ్యికి పైగా రకాలు. ఒక దాని పేరు ల్యుంచుయ్ వకాచి: కోడల్ని ఏడిపించేది. ఒళ్లంతా గుంటలూ గడ్డలూ, చెక్కు తీయడం నరకం. 2004లో లీమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రంతో ఒప్పందం చేసుకుని, కేంద్రం భద్రపరచిన 410 రకాలను ఈ రైతులు తమ చేలకు తిరిగి తెచ్చుకున్నారు. విత్తనం అలమారులో కాక, దాని పేరు పలికేవాళ్ల చేతిలో ఉండాలన్న వాళ్ల పట్టుదల నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది.

వేడి పెరిగేకొద్దీ వీళ్లు తల్లిదండ్రులు నాటినచోటు కంటే పైన దుంప నాటుతున్నారు. కింద పురుగు ఎక్కువైంది. పుల్గార్ విదాల్ విభజనలో ఖెచ్వ 3,500 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. రైతుకు ఆ మాట ఎన్నడూ అంకె కాదు, మొక్కజొన్న పండేచోటు. పంట ఎక్కితే ఖెచ్వ కూడా ఎక్కుతుంది, సూనిని ముందుకు తోస్తుంది, సూని పూనని తోస్తుంది. పూన పైన ఉన్నది హన్క ఒక్కటే, అది రాయీ మంచూ. అక్కడ నాటడానికి మట్టి లేదు, చూన్యోకు కావలసిన గట్టి చలిరాత్రులున్న పొలానికి ఎగువన ఇంకో పొలమూ లేదు.