అరకు కొండల నుంచి భీమిలి దాకా

ఈమధ్య కుటుంబ సమేతంగా కారులో అరకులోయ చూసి, తిరుగు దారిలో భీమునిపట్నం వెళ్లాము. ఆ కొండలకూ ఈ తీరానికీ చుట్టరికం గోస్తనీ నది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమిలి వద్ద సముద్రంలో కలుస్తుంది.

17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1825లో ఊరు ఇంగ్లీషువారి వశమైంది. డచ్చివారి సమాధులు నేటికీ ఉన్నాయి. 1861లో ఏర్పడిన ఇక్కడి పురపాలక సంఘం దేశంలోని పాతవాటిలో ఒకటి. 2013లో అది విశాఖ నగరపాలక సంస్థలో విలీనమైంది. దస్త్రాల మధ్యనే ఉద్యోగ జీవితం గడిపిన నాకు మనసు చివుక్కుమంది. సంఘం పోయినా దాని పాత దస్త్రాలు పోకూడదు. సమాధులపై రాతల మాదిరే అవీ చరిత్రే. మిత్రులారా, ఓపిక ఉండగానే మనవలకు ఈ ఊరు చూపించండి.