నాటాలు తెలుగు కుటుంబముల మూలాన్వేషణము: కడప, కర్నూలు మండలముల సాక్ష్యము

కర్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులలో కడప మండలమునకు చెందినవి విస్తారముగా నున్నవి. వానిలో గ్రామకథ తరచుగా ఒక్కతీరున మొదలగును. పూర్వమీ స్థలము అరణ్యము. ఫలానావారు వచ్చి అడవి కొట్టి, చెరువు కట్టి, ఊరు నిలిపిరి. రెడ్డిరికము వీరికి, కరణికము వారికి సంక్రమించెను. తరువాత ఆ యిండ్ల వంశక్రమము చెప్పబడును. అనగా కైఫియత్తు చాలవరకు తొలి కాపురముల కుటుంబచరిత్రయే. మెకంజీ 1821లో మరణించెను. అటుపిమ్మట నలువదియేండ్లు నిండకముందే తెలుగువారు కొందఱు సముద్రము దాటి, దక్షిణాఫ్రికాలోని నాటాలునందు చెఱకుతోటల నడుమ కొత్త కాపురములు పెట్టిరి. వారికి కైఫియత్తు వ్రాసినవారు లేరు. ఓడపట్టికలే వారికి మిగిలిన వంశపత్రములు.

మదరాసునుండి బయలుదేరిన 'ట్రూరో' అను ఓడ 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరెను. 1866లో ఈ వలస నిలిచి, 1874లో మరల సాగి, 1911లో ముగిసెను. మొత్తముపై లక్షా యేబది రెండువేల మంది పోయినట్లు లెక్క. తెలుగువారిలో ఉత్తర ఆర్కాటు, విశాఖపట్టణము జిల్లాలవారు హెచ్చు. అయినను కడప, కర్నూలు పేర్లును పట్టికలలో గలవు. ఈ రెండు జిల్లాలకు సంబంధించినంతవరకే యిచట విచారించుచున్నాము.

పట్టికలో ప్రతి మనిషికిని ఒక సంఖ్య యుండును. పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరముపైగల గుర్తులు వ్రాయబడును. ఇంతటి వివరము మన దేశమునందు ఆ కాలపు కూలివానిని గూర్చి మఱియెచ్చటను దొరకుట అరుదు. కాని యిందులో ఇంటిపేరునకు గడి లేదు. తెలుగు కుటుంబచరిత్రకు ఇంటిపేరే వెన్నెముక. అది లేక 'చెన్నయ్య, తండ్రి నాగన్న' అని యున్నచో ఒక గ్రామమందే అట్టివారు ముగ్గురు నలుగురు ఉండవచ్చును. కులనామమే నాటాలులో పెక్కు కుటుంబములకు ఇంటిపేరుగా స్థిరపడుటచే చిక్కు ఇనుమడించినది. తొలి పట్టికలలో కొందఱికి కులముక్రింద 'జెంటూ' అని వ్రాసిరి. అది తెలుగువారికి పాశ్చాత్యులు పెట్టిన పేరు, కులము కాదు.

గ్రామమును గుర్తించుటలో మొదటి మెలకువ సరిహద్దులకు సంబంధించినది. వలస దాదాపు పూర్తిగా 1911 మార్పులకు ముందే జరిగినది. ఆనాడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలోనివి. చిత్తూరు జిల్లా యేర్పడినపుడు అందు చేరినవి. కదిరియు అంతకుముందు కడపదే; 1910లో అనంతపురమునకు పోయినది. మార్కాపురము, కంభము ప్రాంతములు 1970 వరకు కర్నూలువే. కావున పట్టికలో 'కడప' అని చూచి నేటి పటమున వెదకువాడు దారి తప్పును. ఇక ఆంగ్లలిపిలో హ్రస్వదీర్ఘముల భేదము, త-ట భేదము నిలువవు. కొత్తపల్లెయు కోటపల్లెయు ఒక్క రూపమున కనబడును. కొత్తపల్లెలు లేని తాలూకా యేది?

గ్రామము తేలనపుడు మనుష్యుల పేర్లే కొంత సాయపడును. ఓబయ్య, ఓబులేసు అను పేర్లు అహోబిలమును చుట్టుకొనియున్నవి. మద్దిలేటి యను పేరు కర్నూలు సీమలోని నరసింహక్షేత్రమునుండి వచ్చినది. అప్పలస్వామి, సింహాచలము అనువారిని విశాఖవైపు వెదకుట యెట్లో, వీరిని ఈ సీమలో వెదకుట యట్లే. దీనిని నిర్ణయముగాగాక సూచనగా మాత్రమే గ్రహింపవలెనని మా మతము. భక్తులు దూరదేశమునుండియు మ్రొక్కుకొందురు గదా.

కాలమునుగూడ చూడవలెను. ధాత కరువు 1876 మొదలు 1878 వరకు ఈ మండలములను పీడించెను. కర్నూలు జిల్లా జనసంఖ్య 1871లో 9,14,432, 1881లో 6,78,551. నాలుగవ వంతునకు పైగా తఱుగు! ఇందులో మృతులెవరో, ఊరు విడిచినవారెవరో విడదీయుట సులభము కాదు. నాటాలు ఓడలు మరల సాగిన రెండేండ్లకే ఈ కరువు వచ్చినది. ఓడ యెక్కిన తేదీ కరువులో పడినచో స్వగ్రామమున ఆ యింటివా రెవరును మిగిలియుండకపోవచ్చునని పరిశోధకుడు ముందే తలంచుకొనవలెను.

స్వదేశమున ఏ దస్తరములు చూడవలెను? పట్టా లెక్కలు భూమిగలవారివి. 1858లో ఏర్పడిన ఇనాము కమిషను రిజిస్టర్లు మాన్యములు అనుభవించినవారివి. వానిలో వంశక్రమములు గలవు, కాని భూమిలేనివారికి చోటు లేదు. మాల మాదిగ కుటుంబముల విషయమున మతసంఘముల దస్తరములు చూడదగియున్నవి. లండన్ మిషనువారు కడపలో 1822లో నెలకొనిరి. ముత్యాలపాడున మరియొక సంఘముండెను. క్రైస్తవులైన కుటుంబములకు జ్ఞానస్నానపు పుస్తకములే వంశావళి. రెడ్డికిని కరణమునకును కైఫియత్తు వ్రాసిన సీమలో పాలేరు తాతపేరు తెలియుటకు పాదిరి పుస్తకమే దిక్కైనది.

ఈ కారణముచేత అన్వేషణము ఇచటినుండి గాక నాటాలునుండి ఆరంభించుట మేలని మేము తలంచుచున్నాము. పెండ్లి తంతులో గోత్రమును, ఇంటిపేరును చెప్పు ఆచారము నిలిచిన కుటుంబములలో పట్టిక విడిచినది నోటిమాటగా మిగిలియుండవచ్చును. ఆంధ్ర మహాసభ అచట 1931లో స్థాపింపబడినది. అట్టి సంఘములద్వారా పెద్దలనడిగి వ్రాసికొనుట మొదటి పని, పట్టిక రెండవది, గ్రామము మూడవది. స్త్రీల విషయమున మాత్రము ఇదియు చాలదు. నూర్గురు పురుషులకు నలువదిమంది స్త్రీలుండవలెనని నిబంధన. వారిలో ఒంటరిగా పోయినవారును గలరు. పెండ్లితో ఇంటిపేరు మారును గనుక పిల్లలు తల్లి పుట్టింటిపేరు నెఱుగరు. ఆమె తండ్రిపేరును, ఊరిపేరును చూపునది ఓడపట్టికలోని ఆ యొక్క పంక్తియే.