పాతబస్తీ మష్రూ, మిన్నెసోటా మంచు

పాతబస్తీ పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ (1866–1911) బట్టల బీరువాలు ఒక పొడవాటి హాలు నిండా ఉంటాయి. నవాబుల కాలంలో దక్కనులో వాడిన బట్టల్లో మష్రూ ఒకటి. అరబ్బీలో ఆ మాటకి ‘అనుమతించినది’ అని అర్థం. మగవాళ్ళ ఒంటికి పట్టు తగలకూడదన్న మతనియమం ఉంది కదా, అందుకని పైకి పట్టు, లోపలికి నూలు వచ్చేలా నేశారు. ఒకే గుడ్డలో రెండు లేయర్లన్నమాట!

నూలు చెమట పీల్చుకుని, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. హైదరాబాదు ఎండల్లో అది వరం. మిన్నెసోటాలో గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టబోయే మనవాళ్ళకి అదే శాపం. మంచుకి బొక్క కొట్టేటప్పుడు చెమట పడుతుంది, తర్వాత గంటలకొద్దీ కదలకుండా కూర్చోవాలి. అక్కడ లోపల పల్చటి ఉన్ని, మధ్యలో ఫ్లీస్, పైన గాలి చొరని కోటు ఉండాలి. కాటన్ బనియను ఇంట్లోనే వదిలెయ్యండి. ఎన్ని లేయర్లన్నది తర్వాత, ఒంటికి తగిలేది ఏదన్నది ముందు.